ఆపరేషన్ మధ్యలో లైట్లు వేయించిన సర్జన్

ల్యాప్రోస్కోపీ ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ థియేటర్‌లో వెలుతురు తక్కువగా ఉంటుంది. కడుపులోకి పంపిన కెమెరా చూపించే బొమ్మ తెర మీద స్పష్టంగా కనిపించాలి కాబట్టి బల్ల మీద వేలాడే పెద్ద లైటును ఆర్పేస్తారు. ఆ తర్వాత గదిలో మిగిలేది మానిటర్ల వెలుగు, నా మత్తు యంత్రం మీద కదిలే గీతల వెలుగు మాత్రమే. పందొమ్మిదేళ్లుగా నల్లగొండలోనూ, పిలుపు వస్తే మిర్యాలగూడ, దేవరకొండ, సూర్యాపేటలలోనూ మత్తు డాక్టర్‌గా పనిచేస్తున్న నేను నా వృత్తి జీవితంలో చాలా భాగం ఆ మసక వెలుతురులోనే గడిపాను. రోగి తల దగ్గర, ఆకుపచ్చ గుడ్డకు ఇవతల కూర్చునే మనిషికి సర్జన్ చేతుల కన్నా ముఖం ఎక్కువగా కనిపిస్తుంది. ఎవరు ఎప్పుడు తొందరపడతారో, ఎవరు ఎప్పుడు మౌనంగా అయిపోతారో మాకు తెలిసినంతగా వాళ్ల ఇంట్లో వాళ్లకు కూడా తెలియదేమో.

మూడేళ్ల కిందట మునుగోడు వైపు నుంచి ఒకామె వచ్చింది. యాభై దాటిన మనిషి, పిత్తాశయంలో (గాల్‌బ్లాడర్‌లో) రాళ్లు. అప్పటికి మూడుసార్లు నొప్పి వచ్చి పోయింది. మొదటి రెండుసార్లూ గ్యాస్ నొప్పి అనుకుని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజక్షన్ వేయించుకుని మళ్లీ పత్తి చేనుకు వెళ్లింది. మూడోసారి జ్వరంతో పడిపోయాక కొడుకులు నల్లగొండకు తీసుకొచ్చారు. జ్వరం తగ్గాక ఆపరేషన్ పెట్టుకున్నాం. బొడ్డు దగ్గర ఒకటి, పై కడుపులో మూడు, మొత్తం నాలుగు రంధ్రాలు. కెమెరా లోపలికి వెళ్లగానే కనిపించినది పిత్తాశయం కాదు, దాన్ని కప్పేసి అతుక్కుపోయిన కొవ్వు పొర. సర్జన్ గారు దాన్ని కొద్దికొద్దిగా విడదీస్తూ నలభై నిమిషాలు పనిచేశారు. గోడ మందంగా, తోలులాగా గట్టిపడి ఉంది. పిత్తం వెళ్లే నాళమూ రక్తనాళమూ ఉండవలసిన చోట ఏది ఏదో తెలియని ఎర్రటి ముద్ద ఒకటి ఉంది. ఆయన పరికరాలు కదపడం ఆపి, తెర వైపు ఒక నిమిషం పాటు చూసి, "మేడమ్, ఓపెన్ చేస్తున్నాను" అని నాతో అన్నారు. ఆ వెంటనే సిస్టర్ వైపు తిరిగి లైట్లు వేయమన్నారు.

చీకటికి అలవాటు పడిన కళ్లకు ఆ లైటు ఒక్కసారిగా గుచ్చుకుంటుంది. అంతసేపూ గుసగుసల్లో నడిచిన గదిలో గొంతులు పెరుగుతాయి, పెద్ద ట్రేలు విప్పుతారు, నేను మందు మోతాదులు మార్చుకుంటాను. కుడి పక్కటెముకల కింద కోసి, చేత్తో తడిమి, ఇంకో గంటంపావులో పిత్తాశయాన్ని తీశారు. అడుగు భాగంలో నాళానికి మరీ దగ్గరగా అతుక్కుపోయిన కొంత గోడను లాగి తీయకుండా అక్కడే వదిలి కుట్టేశారు. ఆమె ఆరో రోజున ఇంటికి వెళ్లింది.

బయట పెద్ద కొడుకు మాత్రం ఆ సాయంత్రమే సర్జన్ గారిని నిలదీశాడు. "లేజర్‌తోని చేస్తమన్నరు గద సార్, మా అమ్మను ఎందుకు కోసిండ్రు? చేతగాకపోతే ముందే చెప్తే హైదరాబాద్ తీస్కపోతుంటిమి గద!" అన్నాడు. మా ప్రాంతంలో ల్యాప్రోస్కోపీకి జనం పెట్టుకున్న పేరు లేజర్ ఆపరేషన్. నిజానికి అందులో లేజర్ ఏదీ ఉండదు. సర్జన్ గారు అతనికి కాగితం మీద బొమ్మ గీసి చెప్పడానికి ప్రయత్నించారు, అతను వినలేదు. ఆ కొడుకును నేను తప్పుపట్టను. మంచి సర్జన్ అంటే చిన్న రంధ్రంతో పని ముగించేవాడని అతనికి చెప్పినది మనమే, అంటే వైద్యులమూ, ఆసుపత్రుల బోర్డులూ, గోడల మీది ప్రకటనలూ. ఆ రోజు నేను చూసినది ఆయన చేసిన పనుల్లో అన్నిటికన్నా నేర్పు గల పని అని, ఆ కొడుకు దాన్నే చేతగానితనం అనుకున్నాడని నాకు ఇప్పటికీ బాధగా ఉంది. ల్యాప్రోస్కోపీ సర్జన్ విద్యలో ప్రధానమైన భాగం, తెర మీద కనిపిస్తున్నది నమ్మదగినదేనా అని అనుమానించడమూ, అనుమానం తీరనప్పుడు ఆగిపోవడమూ అని నేను నమ్ముతున్నాను, ఈ వ్యాసంలో వాదించబోయేది కూడా అదే.

కోత పొడవును బట్టి సర్జన్‌ను కొలిచే అలవాటు కొత్తది కాదు, కాకపోతే ఒకప్పుడు అది తలకిందులుగా ఉండేది. కడుపులోకి గొట్టం పంపి చూడవచ్చునని 1901లో జర్మనీలో గెయోర్గ్ కెల్లింగ్ ఒక కుక్క మీద చూపించారు. 1910లో స్టాక్‌హోంలో హాన్స్ క్రిస్టియన్ యాకోబేయస్ మనుషుల్లో చేశారు. ఆ తర్వాత డెబ్బై ఏళ్ల పాటు అది ప్రధానంగా చూసి రోగం పోల్చుకునే సాధనంగానే మిగిలిపోయింది. 1980లో కీల్ నగరంలో కుర్ట్ సెమ్ అనే స్త్రీ వైద్య నిపుణుడు ఆ దారిలో అపెండిక్స్ తీసినప్పుడు, ఆయనను వైద్యవృత్తి నుంచి తప్పించాలని జర్మన్ సర్జన్ల సంఘం అధ్యక్షుడే రాశారు. 1985 సెప్టెంబర్ 12న బోబ్లింగెన్‌లో ఎరిక్ మ్యూహె మొదటిసారిగా ఈ పద్ధతిలో పిత్తాశయం తీసి, మరుసటి ఏడాది సర్జన్ల సభలో చెబితే అక్కడ ఆయనకు దక్కినది ఎగతాళి. పెద్ద కోత పెట్టేవాడే పెద్ద సర్జన్ అని నమ్మిన కాలం అది. 1987లో లియోన్‌లో ఫిలిప్ మూరే చేశాక ఫ్రాన్సు నుంచి ఈ పద్ధతి లోకమంతా పాకింది, మ్యూహెకు దక్కవలసిన గౌరవం 1999లో అమెరికా సర్జన్లు పిలిచి ఇచ్చేదాకా ఆగింది. మన దేశంలో 1972 నుంచే ల్యాప్రోస్కోపుతో కడుపు లోపలి రోగాలను పోల్చుకుంటున్న తెహెమ్టన్ ఉద్వాడియా 1990లో ముంబయి జేజే ఆసుపత్రిలో మొదటి పిత్తాశయ ఆపరేషన్ చేశారు. పేదలు వచ్చే ప్రభుత్వ ఆసుపత్రిలో అది మొదలైందన్న విషయాన్ని నేను మా జూనియర్లకు తప్పకుండా చెబుతాను, ఎందుకంటే ఇది డబ్బున్నవాళ్ల వైద్యమని వాళ్లలో చాలామంది అనుకుంటారు.

తర్వాత జరిగినది మాత్రం అంత గర్వించదగినది కాదు. తొంభైల మొదట్లో ఈ పద్ధతికి గిరాకీ పెరిగి, వారాంతపు శిక్షణకు వెళ్లి వచ్చిన సర్జన్లు సోమవారం నుంచే ఆపరేషన్లు మొదలుపెట్టారు, దానితో పిత్త నాళం తెగిపోయే ప్రమాదాలు పెరిగాయి. పరిస్థితి ఎంతదాకా వచ్చిందంటే, పర్యవేక్షణలో కనీసం 15 ఆపరేషన్లు చేయనిదే ఎవరూ సొంతంగా చేయకూడదని 1992లో న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్యశాఖ చెప్పవలసి వచ్చింది.

పిత్త నాళం అంటే కాలేయం నుంచి పేగులోకి పిత్తాన్ని తెచ్చే ప్రధాన కాలువ. అది పెన్సిల్ కన్నా సన్నగా, ఆరు మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. పిత్తాశయం దానికి ఒక సన్నటి తొడిమతో అంటుకుని ఉంటుంది. ఆపరేషన్‌లో కత్తిరించవలసినది ఆ తొడిమను. వాపు వచ్చి ముడుచుకుపోయిన కడుపులో ఆ తొడిమ కనిపించక, ప్రధాన కాలువే తొడిమలా తెర మీదికి వస్తుంది. సర్జన్ పొరపాటు చేస్తున్నట్టు ఆయనకు ఏ మాత్రమూ తెలియదు. శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన లారెన్స్ వే బృందం ఇలాంటి 252 గాయాలను పరిశీలించి 2003లో ప్రచురించిన వ్యాసంలో, వాటిలో 97 శాతానికి మూలం కంటి భ్రమేనని, చేతి నేర్పులో లోపం కాదని తేల్చింది. నా వృత్తిలో చదివిన వ్యాసాల్లో నన్ను అంతగా కలవరపెట్టినది మరొకటి లేదు. చెయ్యి తప్పు చేస్తే చేతికి ఇంకా సాధన నేర్పించవచ్చు, కాని కన్ను తనకు సరిగ్గానే కనిపిస్తోందని పూర్తి నమ్మకంతో అబద్ధం చెబుతుంటే ఆ సర్జన్‌ను ఎవరు ఆపాలి?

మా మేనత్త విషయంలో ఆపేవాళ్లు లేకపోయారు. ఇది పన్నెండేళ్ల కిందటి మాట. ఆ ఆసుపత్రి పేరు, ఊరు పేరు నేను రాయను. నాలుగు రంధ్రాలతో గంటలో ఆపరేషన్ అయిపోయిందని, రెండో రోజే ఇంటికి పంపించారని మా మామయ్య ఫోన్‌లో సంతోషంగా చెప్పాడు. అయిదో రోజున ఆమె కళ్లు పచ్చబడ్డాయి. కడుపు ఉబ్బింది, అన్నం సయించలేదు. నేను వెళ్లి చూసేసరికి ఆమె తెల్ల చీర కొంగుతో ఒళ్లంతా గోక్కుంటోంది, పిత్తం రక్తంలో పేరుకుపోతే వచ్చే దురద అది. హైదరాబాద్ తీసుకెళ్లాక ప్రధాన కాలువ తెగిందని తేలింది. పొట్టలోంచి గొట్టం పెట్టి, సంచీలో పిత్తం పట్టుకుంటూ రెండు నెలలకు పైగా ఆగి, తర్వాత పేగును పైకి తెచ్చి కాలేయం కింద మిగిలిన కాలువ ముక్కకు కలిపి కుట్టారు. ఆమె బతికింది, ఇప్పటికీ బాగానే ఉంది, కాని ఆ ఏడాది వాళ్ల ఇంట్లో ఎకరంన్నర పొలం పోయింది. మొదటి ఆపరేషన్ చేసిన సర్జన్ పేరున్నవాడు, చేతి నేర్పు ఉన్నవాడు. ఎన్నడూ ఓపెన్ చేయవలసిన అవసరం రాలేదని తన గురించి తాను చెప్పుకునేవాడని తర్వాత విన్నాను. ఆ మాట చెప్పుకునే సర్జన్ ఎవరైనా నాకు అప్పటి నుంచి భయమే.

కన్ను చెప్పే అబద్ధానికి వైద్యలోకం కనిపెట్టిన విరుగుడు ఒకటి ఉంది. అమెరికా సర్జన్ స్టీవెన్ స్ట్రాస్‌బర్గ్ 1995లో దాన్ని మూడు షరతులుగా వివరించారు. పిత్తాశయానికీ కాలేయానికీ మధ్య ఉన్న త్రికోణంలో కొవ్వూ పీచూ మొత్తం తొలగిపోవాలి, పిత్తాశయం అడుగు భాగం మూడో వంతు కాలేయం నుంచి విడిపోయి వెనక కాలేయం కనిపించాలి, పిత్తాశయంలోకి వెళ్లేవి రెండంటే రెండే, ఆ తొడిమా ఒక రక్తనాళమూ, కనిపించాలి. ఇవి మూడూ కనిపించేదాకా నాళాన్ని మూసే క్లిప్పు వేయకూడదు, కత్తిరించకూడదు. వినడానికి చాలా సాదాగా ఉంటుంది. రెండు గంటలుగా నిలబడి ఉండి, బయట ఇంకో రెండు కేసులు ఎదురుచూస్తూ, పక్కన మత్తు డాక్టర్ గడియారం చూసుకుంటున్నప్పుడు ఆ మూడో షరతు దగ్గర నిజాయితీగా 'లేదు, నాకు ఇంకా కనిపించలేదు' అని చెప్పుకోవడానికి ఎంత నిగ్రహం కావాలో ఆ గదిలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. గడియారం చూసుకున్న మత్తు డాక్టర్లలో నేనూ ఉన్నాను. మేనత్త ఆపరేషన్ తర్వాత మానేశాను.

అలా చెప్పుకోగలిగే స్థితికి రావడానికి ఒక మనిషికి ఎంతకాలం పడుతుందో లెక్క వేస్తే ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు, ఎంఎస్ మూడేళ్లు, ఆ పైన ప్రత్యేకంగా ఈ విద్యలో ఫెలోషిప్ చేయాలనుకుంటే మరో రెండేళ్ల వరకు. వయసు ముప్పైకి దగ్గరపడుతుంది. పీజీ విద్యార్థిగా మొదట దక్కే పని కెమెరా పట్టుకోవడం. దాన్ని చిన్నచూపు చూసేవాళ్లు ఉన్నారు గాని, సర్జన్‌కు అప్పుడున్న కళ్లు ఆ విద్యార్థి చేతిలోనే ఉంటాయి. ముప్పై డిగ్రీల వాలు ఉన్న ఆ టెలిస్కోపును ఎటు తిప్పితే మలుపు వెనక ఏముందో కనిపిస్తుందో, మసకబారితే ఫ్లాస్కులోని వేడి నీటిలో ఎన్ని క్షణాలు ముంచాలో, బొమ్మ పక్కకు ఒరగకుండా ఎలా నిలపాలో నేర్చుకున్నవాళ్లే తర్వాత మంచి సర్జన్లు కావడం నేను చూశాను. కడుపు గోడ దగ్గర పరికరం తూగుడుబల్లలా పనిచేస్తుంది కాబట్టి చెయ్యి కుడికి కదిపితే లోపల కొన ఎడమకు వెళుతుంది. తెర మీద లోతు తెలియదు. వేలికొసలతో తడిమి ఇది మెత్తన, ఇది గట్టి అని తెలుసుకునే అవకాశం దాదాపుగా పోతుంది. గజ్జల దగ్గర కడుపు గోడ బలహీనపడి పేగు పొడుచుకువచ్చే హెర్నియాను ఈ పద్ధతిలో లోపలి నుంచి వల వేసి సరిచేయడం చేతికి పట్టుబడాలంటే యాభై నుంచి వంద ఆపరేషన్లు కావాలని అనుభవజ్ఞులు చెబుతారు. చిన్న పట్టణంలో అంతమంది రోగులు ఎన్నేళ్లకు వస్తారు?

నా వైపు నుంచి కూడా ఒక విషయం చెప్పాలి, ఎందుకంటే ఈ పనిలో సర్జన్ నేర్పు సగం ఆయన పక్కవాళ్ల మాట వినడంలోనే ఉంటుంది. పొట్టను ఉబ్బించడానికి కార్బన్ డయాక్సైడ్ వాడతారు. అది మండదు, కాబట్టి లోపల కరెంటుతో రక్తనాళాలను కాల్చినా నిప్పు అంటుకోదు. రక్తంలో తేలికగా కరిగి ఊపిరితిత్తుల ద్వారా బయటికి పోతుంది. ఆ గ్యాస్ సాధారణంగా పన్నెండు నుంచి పదిహేను మిల్లీమీటర్ల ఒత్తిడితో కడుపును పైకి లేపుతుంది, దానితో పాటు ఊపిరికి ఆధారమైన ఉదరవితానాన్నీ ఛాతీలోకి నెడుతుంది. మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు నుంచి వచ్చే పెద్ద వయసు వాళ్లలో ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వెన్ను కట్టెలా బిగుసుకుపోయి ఉంటుంది. నడుములో సూది వేయడానికి సందు దొరకదు, మెడ వెనక్కి వంగదు కాబట్టి గొంతులోకి గొట్టం వేయడమూ కష్టమే, పక్కటెముకలు కదలవు కాబట్టి ఛాతీ విప్పారదు. అలాంటి మనిషి కడుపులో గ్యాస్ నింపితే నా యంత్రం మీద ఊపిరి ఒత్తిడి అంకెలు గబగబా పెరుగుతాయి. "సార్, ప్రెజర్ పదికి దించండి" అంటే వెంటనే దించే సర్జన్ ఉంటాడు, "ఒక్క రెండు నిమిషాలు మేడమ్" అనే సర్జన్ ఉంటాడు. గ్యాస్ మొదలుపెట్టిన క్షణాన గుండె వేగం ఎనభై నుంచి నలభైకి పడిపోవడం కూడా జరుగుతుంది. అప్పుడు గ్యాస్ వదిలేయమని నేను అడగకముందే, నా మానిటర్ చేసే శబ్దం మారిందని విని వాల్వు తెరిచిన సర్జన్‌ను నేను చూశాను. ఆయనే మునుగోడు తల్లికి లైట్లు వేయించినది కూడా.

మా పట్టణాల్లో మరో పరీక్ష కరెంటు. ఒకసారి నేను మిర్యాలగూడలో ఉండగా క్లిప్పు వేయబోయే సమయానికి కరెంటు పోయి, జనరేటర్ అందుకునేదాకా తెర నల్లబడిపోయింది. పది పన్నెండు సెకన్లు ఉంటుందేమో. లోపల రక్తనాళం పక్కన క్లిప్పు పరికరం నోరు తెరిచి ఉంది. ఆ సర్జన్ ఊపిరి కూడా పీల్చినట్టు లేదు, రెండు మోచేతులను తన ఒంటికి ఆనించుకుని రాయిలా నిలబడిపోయాడు. తెర వెలిగాక పరికరం వదిలిన చోట వదిలినట్టే ఉంది. ఏ కోర్సులోనూ మార్కులు వేయని విద్య ఇది.

ఇన్ని ప్రమాదాలు ఉన్నప్పుడు అందరికీ కోసే చేయవచ్చు కదా అని పాతకాలపు పెద్ద డాక్టర్లు కొందరు ఇప్పటికీ అంటారు. నేను దానికి ఒప్పుకోను. నా కారణం పాలమూరు బస్టాండులో కనిపిస్తుంది. మక్తల్, నారాయణపేట, కోయిలకొండల నుంచి ముంబయికీ పుణెకూ కూలికి వెళ్లేవాళ్లకు ఒక్కొక్క పనిదినం ఎంత విలువైనదో లెక్క వేసి చూస్తే, రెండో రోజున ఇంటికి వెళ్లడానికీ అయిదారు రోజులు మంచం మీద ఉండడానికీ మధ్య తేడా ఏమిటో అర్థమవుతుంది. పెద్ద కోత చీము పట్టవచ్చు, ఏడాది తిరగకముందే అక్కడ కడుపు గోడ బలహీనపడి హెర్నియా రావచ్చు, సిమెంటు బస్తా ఎత్తి బతికే మనిషికి అది జీవనాధారం పోవడమే. చిన్న రంధ్రం వల్ల అందరికన్నా ఎక్కువ మేలు పొందేది ఒళ్లు వంచి బతికేవాళ్లే. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. ఒక కుటుంబానికి ఏడాదిలో ఇచ్చే ఉచిత వైద్యం పరిమితిని 2023 డిసెంబరులో తెలంగాణలో రూ.10 లక్షలకు పెంచారు. కార్డు ఉన్నా ఆ చెయ్యి తిరిగిన సర్జన్ వంద కిలోమీటర్ల దూరంలో ఉంటే, తోడు వచ్చే మనిషి కూలీ, బస్సు చార్జీలు, హోటల్ తిండి ఎవరి జేబులోంచి పోతాయి? కాబట్టి నా వాదన ల్యాప్రోస్కోపీకి వ్యతిరేకమని ఎవరూ అనుకోవద్దు, అది మన జిల్లాల్లోనే పూర్తి స్థాయిలో ఉండాలన్నది నా కోరిక. పూర్తి స్థాయి అన్న మాటలో కోసి చేయగల శక్తి కూడా ఉంది.

అసలు ఆందోళన నాకు అక్కడే ఉంది. నూటికి అయిదుగురి వరకు రోగుల్లో రంధ్రాల నుంచి మొదలైన ఆపరేషన్ కోతతో ముగియవలసి రావచ్చు, వాపు తీవ్రంగా ఉన్నప్పుడు ఇంకా ఎక్కువమందిలో. అంటే కోసి చేయవలసి వచ్చేవి అన్నిటికన్నా కష్టమైన కేసులు. నా తరం సర్జన్లు మొదట వందల కడుపులు కోసి, తర్వాత కెమెరా పట్టారు. ఇప్పుడు శిక్షణ పొందుతున్నవాళ్లలో, ముఖ్యంగా పెద్ద కార్పొరేట్ ఆసుపత్రుల్లో నేర్చుకున్నవాళ్లలో, కోసి పిత్తాశయం తీసిన అనుభవం రెండు చేతుల వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతే. ఓపెన్ చేయాలని మనసుకు తెలిసినా, ఓపెన్ చేశాక ఏం చేయాలో చేతికి తెలియని సర్జన్ లోపలే ఇంకో అరగంట తడుముకుంటాడు, నాళాలు తెగేది ఆ అరగంటలోనే. ఈ విషయంలో మన ప్రాంతానికి ఒక అవకాశం ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటలలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి, తర్వాత నాగర్‌కర్నూల్, వనపర్తిలలోనూ వచ్చాయి. ప్రభుత్వ ఆసుపత్రికి పేగు చిల్లుపడి, అపెండిక్స్ పగిలి, కడుపు నిండా చీముతో అర్ధరాత్రి వచ్చే రోగులు ఇప్పటికీ ఉన్నారు. రెండు విద్యలూ ఒకే చోట నేర్చుకునే వీలు ఇక్కడ ఉంది. దానికి కావలసినవి మంచి ల్యాప్రోస్కోపీ పరికరాలు, సాధన చేసుకోవడానికి శిక్షణ పెట్టెలు, పక్కన నిలబడి చెప్పే అనుభవజ్ఞులు. మూడోది దొరకడం కష్టం, ఎందుకంటే అలాంటివాళ్లను ఇక్కడ ఉంచుకునే జీతమూ గౌరవమూ మనం ఇవ్వడం లేదు.

ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. మన పల్లెల్లోని ఆడవాళ్లలో చాలామందికి ల్యాప్రోస్కోపుతో మొదటి పరిచయం పిల్లలు పుట్టకుండా చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ శిబిరంలో జరిగింది. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి ఆ ఆపరేషన్లు చేస్తే నలుగురు తల్లులు ఇన్‌ఫెక్షన్‌తో చనిపోయారు. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ల్యాప్రోస్కోపీ పరికరాల్లో సన్నటి గొట్టాలు, కీళ్లు, లోపలి సందులు ఉంటాయి. వాటిలో ఆవిరి యంత్రం వేడికి తట్టుకోనివాటిని మందు నీళ్లలో నానబెడతారు. ఎంతసేపు నానాయో, ముందు విప్పి బ్రష్‌తో కడిగారో లేదో, చివర ఏ నీళ్లతో కడిగారో అన్నదాని మీద రోగి ప్రాణం ఆధారపడి ఉంటుంది. ఆపరేషన్ బాగా జరిగి, మూడు నాలుగు వారాల తర్వాత బొడ్డు దగ్గరి చిన్న మచ్చ నుంచి నీరు కారడం మొదలై, నెలల తరబడి మందులు వాడవలసి వచ్చిన రోగులను నేను చూశాను, క్షయ జాతికి చెందిన సూక్ష్మజీవులు కుళాయి నీళ్ల నుంచి అలా చేరతాయి. మంచి సర్జన్ పొద్దున్నే వచ్చి మొదట చూసేది రోగి ఫైలు కాదు, పరికరాలు నానబెట్టిన ట్రే మూత మీద రాసిన టైము. మా సర్జన్ గారు ఆ టైము తేడాగా ఉందని రెండుసార్లు ఆపరేషన్లు వాయిదా వేశారు, రెండుసార్లూ యాజమాన్యంతో మాట పడ్డారు.

ఇవన్నీ బయట ఎదురుచూసే కుటుంబానికి ఎలా తెలుస్తాయని నన్ను అడుగుతారు. అన్నీ తెలియవు. కాని ఎన్ని రంధ్రాలు, ఎన్ని రోజులు, మచ్చ కనిపిస్తుందా అని అడిగే నోటితోనే, "సార్, అవసరమైతే మధ్యలో కోసి చేస్తారా? మీరు ఇప్పటిదాకా అలా ఎన్నిసార్లు చేశారు?" అని అడగవచ్చు. ఆ ప్రశ్నకు కోప్పడే సర్జన్ నుంచి లేచి రావచ్చు. అవసరమైతే తప్పక కోస్తానని, గత ఏడాది ఇంతమందికి అలా చేశానని నిదానంగా చెప్పే సర్జన్ దగ్గర నేనైతే మా ఇంటివాళ్లను పడుకోబెడతాను. ఆసుపత్రులు కూడా సంతకం పెట్టించుకునే కాగితంలో చిన్న అక్షరాలతో దాన్ని దాచకుండా, ముందు రోజు సాయంత్రమే రోగికీ, కొడుకులకీ, కోడళ్లకీ కలిపి కూర్చోబెట్టి నోటితో చెప్పాలి. మునుగోడు కేసులో ఆ పని మేం సరిగ్గా చేయలేదు. సంతకం తీసుకున్నాం, చెప్పలేదు. ఆ కొడుకు కోపానికి మా భాగం మాకు ఉంది.

మా సర్జన్ గారికి ఒక అలవాటు ఉంది. క్లిప్పు వేసే ముందు పరికరాలను కదలకుండా పట్టుకుని, గదిలో ఉన్న అందరినీ తెర వైపు చూడమంటారు. "ఎన్ని కనిపిస్తున్నాయి?" అని ఒక్కొక్కరినీ అడుగుతారు, కెమెరా పట్టుకున్న జూనియర్‌నూ, సిస్టర్‌నూ, చివరికి నన్నూ. "రెండు" అని అందరమూ చెప్పాకే చెయ్యి కదుపుతారు. మొదట్లో నాకు అది విద్యార్థులకు పాఠం చెప్పినట్టుగా అనిపించేది. గత శ్రావణంలో, చిట్యాల వైపు నుంచి వచ్చి కొత్తగా చేరిన నర్సమ్మాయి, రెండో నెల ఉద్యోగం, తన వంతు వచ్చేసరికి భయపడుతూ, "సార్, నాకు మూడు కనబడుతున్నయి" అంది. జూనియర్ నవ్వబోయి ఆగిపోయాడు. సర్జన్ గారు క్లిప్పు పరికరాన్ని బయటికి తీసి ఆమె చేతికి ఇచ్చి, "ఎక్కడమ్మా, చూపించు" అన్నారు. ఆమె తెర దగ్గరికి వెళ్లి వేలు పెట్టకుండా దూరం నుంచే చూపించింది. ఇంకో ఇరవై నిమిషాలు ఆ చోట పొరలు విడదీస్తే, వెనక వైపు నుంచి పిత్తాశయంలోకి వెళుతున్న సన్నటి రక్తనాళం కొమ్మ ఒకటి బయటపడింది. దానికి విడిగా క్లిప్పు వేశారు. రోగి రెండో రోజున ఇంటికి వెళ్లాడు, కేసు షీటులో ఆ నర్సమ్మాయి మాట ఎక్కడా లేదు, మత్తు నోట్సులో మాత్రం ఆ ఇరవై నిమిషాల పక్కన నేను ఆమె పేరు రాశాను.